పంటి కింద బుట్ట

మా అమ్మకు ముందరి పళ్ళు రెండూ అరిగిపోయినాయి.
తాటాకు బుట్ట అంచు కొరికి పట్టుకొని
నలభై ఏళ్ళు
పులికాట్ నీళ్ళల్లో మోకాళ్ళ మీద నడిచింది.
చేతులు రెండూ బురదలో ఉంటాయి,
బుట్ట మోసేదానికి మిగిలింది నోరే.

అందుకే చెరువులో ఆడోళ్ళు మాట్లాడుకోరు.
ముక్కుతో ఒకసారి ఊఁ అంటే ఈడ గుల్ల ఉందని,
రెండుసార్లు ఊఁ అంటే
జెల్ల ముల్లు, పక్కకు జరగమని.
నాకు మాటలకంటే ముందు ఆ ఊఁలే వచ్చినాయంట.

మాంసం కూరకు, చిప్ప సున్నానికి.
బాలింతకు తొలి ముద్ద మట్టిగుల్లల పులుసుతోనే.
పెళ్ళంటే మగపెళ్ళివారు తట్టెడు చిప్పలు తేవాల,
మా పెదనాయన చెంగయ్య తుమ్మమొద్దులేసి కాల్చాల,
నీళ్ళు చల్లితే అవి బుస్సుమని విచ్చుకోవాల,
ఆ సున్నం గోడకు పడినాకే పందిట్లో గుంజ పాతేది.
నా పెళ్ళికి సూళ్ళూరుపేట నుంచి
రెండు డబ్బాల పెయింటు వచ్చింది.
గులాబీ రంగు.
బాగానే ఉండింది, అబద్ధమెందుకు.

సముద్రం మొగ ఇసకతో పూడింది.
మునిరత్నం కాటా మాత్రం పూడలేదు.
ఆయనిచ్చిన అడ్వాన్సుకు గుల్లంతా ఆయనకే పొయ్యాల,
ఆయన నోట్లోంచి వచ్చిందే రేటు.
బస్తాకు రెండు కిలోలు తేమ కింద కోస్తాడు.
నీళ్ళల్లో పుట్టినదానికి తేమ ఉండదా అన్నా
అని అమ్మ అడగాల్సింది.
అప్పుడు నోట్లో బుట్ట లేదు.
అయినా ఊఁ అనింది.

నాకిప్పుడు తెల్లారి అయిదుకు కంపెనీ బస్సు.
తడ దాటి, గేటు దాటి, మూతికి మాస్కు కట్టి
గోరంత పలకల మీద తీగలు తడుముతాను.
కన్ను చూసేలోపే వేలికి తప్పు దొరుకుతుంది.
ఈ ట్రైనింగు యాడ నేర్చినావమ్మా అని
సూపర్‌వైజరు అడిగితే
చెప్పబోయి, మాస్కు లోపలే నవ్వుకున్నాను.
నా నెల జీతం
అమ్మ సీజనంతా తెచ్చేదానికి రెండింతలు.
ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తం.

మొన్న ఆదివారం
మా చిన్నది అటక మీది బుట్ట దించి
అంచు కొరికి చూసింది.
ఉప్పగా ఉందవ్వా, అనింది.

రొట్టెల పెనం మీంచి తల ఎత్తకుండానే
అమ్మ ఊఁ అనింది.

రెండుసార్లు.