అరవై ఎనిమిది మీటర్లు

హాల్డేన్ గారికి మోకాలి ఆపరేషన్.
మూడు వారాలు చరిత్ర కూడా మీరే చూసుకోండి అన్నారు.
నేను లెక్కల టీచర్ని,
గ్రిమ్స్‌బీలో, ఆరో తరగతికి,
చేపలరేవు గాలి కిటికీ సందుల్లోంచి వచ్చి
వెనక బెంచీలో కూర్చునే గదిలో.

బల్ల మీద ఆయన వదిలిన కాగితం:
సోమ్ యుద్ధం. బాణాల పటం. ట్యాంకు బొమ్మకి రంగులు.
భయపెట్టొద్దు.

అబద్ధం చెప్పొద్దు.

ఆ రెండు మాటల మధ్య
నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది.
నేను నిలబడాల్సింది అక్కడే కాబోలు.

పటం గోడకి తగిలించాను.
నీలం బాణాలు కుడికి, ఎర్ర గీత కాస్త వంగి.
ఎంత శుభ్రంగా ఉందో!
బొటనవేళ్ళకి జామ్ అంటిన పిల్లలు
దాన్ని తాకడానికే జంకారు.

నాకు యుద్ధం మా తాత గొంతులోంచి వచ్చింది.
పల్నాటిది. కోడిపందెంతో మొదలయ్యేది.
ప్రతి వీరుడికీ పేరుండేది, తల్లుండేది,
చావుకి కూడా తాళముండేది.
ఇక్కడ నా చేతిలో ఉన్నది సుద్దముక్క.

"నూట నలభై ఒక్క రోజులు.
ముందుకి జరిగింది ఆరు మైళ్ళు.
అంటే తొమ్మిదివేల ఆరువందల యాభై ఆరు మీటర్లు.
రోజుకెంత?"

డెక్స్టర్‌కి భాగహారం పడదు.
ఎప్పుడూ శేషాన్ని దారిలో పారేసుకుంటాడు.
ఆవేళ పెదవి కొరుక్కుంటూ చేశాడు.
అరవై ఎనిమిది. శేషం, చిత్రంగా, అదీ అరవై ఎనిమిదే.
"దీన్నెక్కడ పెట్టాలి మిస్?"
పక్కన రాసి ఉంచమన్నాను.

టేపు పట్టుకుని బయటికెళ్ళాం. చినుకులు.
సైకిళ్ళ షెడ్డు గోడ దగ్గర మొదలెడితే
అరవై ఎనిమిదో మీటరు
వంటగది వెనక చెత్తడబ్బాల దగ్గర తేలింది.
ఒక రోజు యుద్ధం.
రీస్ పరుగెత్తి చూపించాడు, పదమూడు సెకన్లు.
ఆయాసపడుతూ నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను, చెయ్యి ఆగలేదు.

అప్పుడు కొర్నేలియా:
"మనుషులెంతమంది?"
చనిపోయినవాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు, దొరకనివాళ్ళు,
రెండు వైపులా కలిపి పదిలక్షలు దాటి, అన్నాను.
"అయితే మీటరుకి?"

ఏ లెక్కయినా ముందు ఒక్కదానికెంతో కట్టమని
సెప్టెంబరు నుంచి నూరిపోస్తున్నది నేనే.
కాలిక్యులేటర్ నూట మూడు పాయింటు ఆరు అంది.
నూట మూడు అని మాత్రం చెప్పాను.
మనిషిలో పాయింటు ఆరంటే ఏమిటో
పదేళ్ళ పిల్లలకి చెప్పే పద్ధతి
ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు నాకు.

మీటరు బద్దని తడి సిమెంటు మీద పెట్టింది కొర్నేలియా.
దాని వెంట వరసగా నిలబడ్డారు,
ముందువాడి వీపుకి ఛాతీ ఆనించి,
ఊపిరి బిగబట్టి, కిసుక్కుమంటూ.
ఆరుగురు పట్టారు.
ఏడోవాడు అంచున ఒంటికాలి మీద ఊగి పడిపోయాడు.
మిగతా ఇరవైరెండుమంది
చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తున్నారు.
"మిగిలినవాళ్ళు ఎక్కడ నిలబడతారు మిస్?"

సీగల్ ఒకటి చెత్తడబ్బా మూత మీద వాలి
బంగాళదుంప ముక్క కోసం పోట్లాడింది.
గంట కొట్టారు.
గంట కొట్టినందుకు
జన్మలో మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం ట్యాంకు బొమ్మలు దిద్దాను.
గులాబీ రంగు ట్యాంకు ఒకటి, చక్రాలు మరిచిపోయినవి మూడు.
డెక్స్టర్ అసలు రంగే వెయ్యలేదు.
కాగితం మూల, చిన్న అంకెల్లో,
చుట్టూ జాగ్రత్తగా గీత గీసి:
శేషం 68.

మార్కులెన్ని వెయ్యాలో తేలక
కోటు తొడుక్కుని వెళ్ళబోతే
మీటరు బద్ద ఇంకా వానలోనే ఉంది.
తీసుకుందామని వెళ్ళాను.
షెడ్డు వైపు నుంచి దాటితే ఒక్క అడుగు.
దాటలేదు.
చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి కొస పట్టుకున్నాను.