నలభై ఐదు డిగ్రీలు

డిసెంబరు మూడో వారం.
లాలాగూడ దాటినాక, రైలు పట్టాల వారన
పాత ప్రసూతి వార్డు.
గోడలకు ఆనుకుని పదకొండు ఇనుప రేడియేటర్లు.
ఎన్నిసార్లు రంగు కొట్టారో,
పక్కటెముకల సందులు సగం పూడిపోయాయి.
ఎవరు పెట్టించారో ఏ రిజిస్టరులోనూ లేదు.
ఈ ఊళ్లో ఇదేం పిచ్చని
కొత్తగా చేరిన ప్రతి డాక్టరూ ఒకసారి నవ్వుతాడు.
తెల్లవారుజామున నెలలు నిండని బిడ్డ చేతిలోకొస్తే
ఇంక నవ్వడు.

కింది గదిలో డీజిల్ బాయిలర్.
దాని మనిషి జహంగీర్ మియా.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా
ఎనభై డిగ్రీల నీళ్లు పైకి తోలుతున్నాడు.
ఆ ఇనుము తగిలి కాలిన మచ్చ
ఆయా కొమురమ్మ మోచేతి మీద ఇప్పటికీ ఉంది.

హీట్ పంపు సంగతి తెచ్చింది నేనే.
బయటి గాలిలోంచి వేడి తీసి నీళ్లకిస్తుందని చెప్తే
"చలిగాలిల వేడెక్కడిది బిడ్డా" అంది కొమురమ్మ.
ఉంటుందమ్మా, మన ఒంటికి ఆననంత,
దానికది చాలు అన్నాను.
తలూపింది, నమ్మకుండా.

కంపెనీ వాళ్ల కాగితంలో మొదటి వరుస:
పాతవి పీకెయ్యాలి. పదకొండూ తుక్కు.
సంతకం పెట్టబోయి ఆగాను.
కొత్త యంత్రం ఇచ్చేది నలభై ఐదు.
నలభై ఐదుతో ఈ ఇనుము ఏం చేస్తుందో
ఉన్న బాయిలర్‌నే అడగొచ్చు కదా.

"ఒక్క రాత్రి తగ్గించి తోలు మియా."
ఆయన చూసిన చూపు!
పెళ్లింట్లో బగారన్నం పలుకు మీదే
దించెయ్యమన్నట్టు.

పొద్దున పైపులు కడిగాం,
నాలుగు బకెట్ల నల్లనీళ్లు, సిరాలాగా.
కిటికీ సందుల్లో చిరుగు దుప్పట్లు కుక్కాం.
చీకటి పడ్డాక మియా చక్రం తిప్పాడు,
మొహం పక్కకు పెట్టుకుని.

పదింటికి కొమురమ్మ ఇనుము మీద అరచెయ్యి పెట్టింది.
ఇన్నేళ్లలో మొదటిసారి
తీయకుండా అట్లాగే ఉంచింది.
"దీనికి జరం దిగినట్టుందే" అంది.

పన్నెండు. గది ఇరవై నాలుగు.
రెండు. ఇరవై నాలుగు.
మెట్ల మీద కుక్క ముడుచుకుని బంతైంది.
మూడున్నరకు గూడ్సు పోయింది,
బల్ల మీద స్టీలు గ్లాసులు గజగజలాడాయి.
నాలుగున్నర. ఇరవై మూడున్నర.
సుర్రుమనడం లేదు, చల్లారడం లేదు.
ఎక్కువిచ్చి ఆగడం మానేసి
కొంచెం కొంచెం, ఆపకుండా ఇస్తోంది ఇనుము.

మియా పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
"నహారీ గిట్లనే గదా" అన్నాడు, ఎవరితోనో కాదు.
"రాత్రంత సన్నసెగ.
మంట పెంచితే అమ్మీ చెయ్యి మీద కొట్టేది."

ఉత్తరం మూల మంచం దగ్గర మాత్రం పంతొమ్మిది.
దాచను.
అక్కడ కిటికీ పెద్దది, ఇనుము చిన్నది.
ఆ మంచం మీది పిల్ల తల్లి
రెండు దుప్పట్లు కప్పుకుని నన్నే చూస్తోంది.
కాగితం మీద మొదటి వరుస కొట్టేసి రాశాను:
పది ఉంటాయి. ఒకటి మారుతుంది.
రాణిగంజ్ పాత సామాన్ల దుకాణాల్లో
దానికంటే వెడల్పాటిది వెతకాలి.

"మరి నేను?" అన్నాడు మియా.
కాగితంలో ఆ వరుస లేదు.
నేను నీళ్లు నమిలేలోపు ఆయనే వెళ్లి
ఏడో రేడియేటరుకు చెవి ఆనించాడు.
జేబులోంచి చిన్న తాళం తీశాడు, ఇత్తడిది,
వేళ్లకు అరిగి నున్నబడింది.
"ప్రతి చలికాలం దీనికి దమ్ము పడతది,
మీ యంత్రానికేం తెలుసు" అంటూ
పావు వంతు తిప్పాడు.
లోపల ఇరుక్కున్న గాలి
సన్నగా, చాలాసేపు, బయటికొచ్చింది.
తర్వాత ఒక్క చుక్క నీళ్లు,
గోరువెచ్చగా
ఆయన బొటనవేలి మీద.