నీళ్లు దించిన ఏడాది

వాటి జోలికి పోకు, ఆ గుండ్రటి తలవాటి జోలికి.
చూడ్డానికే బావుంటాయి.
ఈ హార్లో చెరువులో నాచు ఎలా ఉంటుందో తెలుసా,
తడిసిన జడల్లా అడుగు నుంచి పైదాకా.
గుండు తల అందులోకి దిగుతుంది, సరే,
పైకొచ్చేటప్పుడు చెరువునంతా వెంటబెట్టుకొస్తుంది.

మొన తేలిన తల తీసుకో.
దారం కట్టే కన్ను నెత్తిన కాదు, ముక్కు కొసన ఉండాలి.
గుడ్డలోంచి సూది పోయినట్టు పోవాలి.

ఇంకా తెల్లారలేదుగా. కాఫీ పోసుకో, నిన్నటిది కాదులే.
నువ్వు లోయెల్ ప్రూయిట్ మనవడివి కదూ?
కెంటకీ మొత్తం మీద ఆ చెవులు ఎక్కడున్నా పోల్చుకుంటాను.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు.
తూము మరమ్మతని ఒక చలికాలం
నీళ్లు పన్నెండు అడుగులు దించేశారు.
నాకప్పుడు పద్నాలుగు.
మా నాన్న రబ్బరు బూట్లు పిక్కల దగ్గర తాడుతో బిగించుకుని
బురదలోకి దిగాను.
నీళ్లకింద అడవి ఉందని వినడమే గానీ
చూడ్డం అప్పుడే.
ఎప్పుడో నరికిన ఓక్ మోళ్లు. ఒక్కో మోడుకీ
పది, ఇరవై, ముప్ఫై జిగ్గులు,
కాపు కాసినట్టు.
కొన్ని కుచ్చులు కుళ్లి జిగురైపోయాయి,
కొన్ని నిన్న కొన్నంత ఎర్రగా ఉన్నాయి.
ఊళ్లో మగాళ్ల ఆదివారాలన్నీ అక్కడే వేలాడుతున్నాయి.
పడవల్లోంచి వాళ్లు తిట్టిన తిట్లు కూడా
ఆ బెరడుకి అంటుకునే ఉంటాయనిపించింది.

బకెట్టెడు ఏరుకొచ్చి వంటింటి బల్లమీద గుమ్మరించి
రాత్రంతా వేరుచేశాను.
కంచె లేనివి సరేసరి, వాటి రాతే అంత.
కంచె ఉన్నా ఒకే పక్కకి వాలిపోయినవి.
తీగ కంచెలు, ఒకసారి వంగితే మళ్లీ లేవనివి.
సగానికి సగం బరువెక్కువైనవి,
మెల్లగా జారాల్సిన చోట రాయిలా దూకి
మోడు చీలికలో ఇరుక్కున్నవి.
గెలిచినవాటి దగ్గర ఏం నేర్చుకుంటాం, బాబూ,
అవి ఇంటికెళ్లిపోయాయిగా.

ఇదిగో, దీన్ని నొక్కు. వేలితో, అలా.
ఈ పోచలున్నాయే, చీపురు పుల్లల్లా,
ఇవే కొక్కేనికి కాపలా.
మరీ మెత్తనైతే ప్రతి ఆకూ నీకు చేపే.
మరీ బిరుసైతే నాచు అంటదు,
చేపా అంటదు. వస్తుంది, నోట పెడుతుంది, ఊసేస్తుంది,
నీ చేతికి ఒక్క టక్కుమన్న చప్పుడు.
కంచే చేను మేస్తుందని అందరికీ భయం.
కంచె చేనుకి ఎండ తగలనివ్వకపోతే
ఆ సంగతి ఎవరూ అనరు.

ఎల్డన్ అని, నా మొదటి మొగుడు.
పోచలు బాగా దట్టం.
ఏ చెత్తా అంటుకోలేదు పాపం ఆ మనిషికి.
నేనూ అంటుకోలేదు.

కత్తెర ఇలా ఇవ్వు. నాలుగు పోచలు తీసేస్తున్నాను.
మిగతావి బొటనవేలితో విసనకర్రలా విప్పుకో.

రంగా? నీళ్లు డికాషన్‌లా ఉంటే నలుపూ నీలం.
తేటగా ఉంటే పచ్చి గుమ్మడికాయ రంగు.
నారింజ కుచ్చు మీదపడేది చేపలు కాదు, మనుషులు.
అయినా అమ్ముతాను. కరెంటు బిల్లు కట్టాలిగా.

తలుపు పక్కన ఆ మేకు చూశావా?
ఊదారంగు కుచ్చు. నేను పోసిన సీసం, నేను కట్టిన ముడి.
చచ్చినా చిక్కుకోదని ఒట్టేసి
మీ తాతకే అమ్మాను.
తొమ్మిదేళ్ల కింద మళ్లీ నీళ్లు దించినప్పుడు
బళ్లో చదివే కుర్రాడొకడు మోడు మీంచి పీక్కొచ్చి
ఇదే బల్లమీద పెట్టాడు.
మీ తాత దాని గురించి నాతో ఒక్క ముక్క అనలేదెప్పుడూ.
మంచాన పడేదాకా ప్రతి శనివారం వచ్చి
అచ్చం అలాంటిదే ఇంకోటి కొనేవాడు.

రెండు తీసుకో. ఒకటి నీకు,
ఒకటి చెరువుకి.

తలుపు గట్టిగా లాగు వెళ్లేటప్పుడు.
గొళ్లెం సరిగ్గా పడదు.