మూడుసార్లు పలకకపోతే

హన్మకొండ, రెండో అంతస్తు. రాత్రి రెండు దాటింది.
గోడ మీద పచ్చ చుక్కలు:
పరకాల, భూపాలపల్లి, మంథని, మంచిర్యాల.
ఒక్కో చుక్క వెనుక ఒక గాజు దారం,
దారం రెండు కొసల్లో రెండు పెట్టెలు.
సెకనుకు ఇరవైసార్లు అడుగుతుంటయి
ఉన్నవా? ఉన్న. నువ్వున్నవా? ఉన్న.
వేరే ముచ్చట లేదు వాటికి.

ఇంతకుముందు దారం తెగిందని తెలవడానికి
నలభై సెకన్లు పట్టేది.
నలభై సెకన్లు ఎంతసేపని అంటరు.
రేగొండ కాడ జేసీబీ పన్ను తగిలిన రాత్రి
దవాఖాన తెర మీద ఒకరి గుండె గీత నిలబడిపోయింది.
అవతల మనిషి బాగానే ఉన్నడు, గీతే రాలే.
డాక్టరమ్మ తెరను వేళ్ళతో తట్టింది
తలుపు తట్టినట్టు.

ఇప్పుడు అందరం కూడి ఒక పద్ధతి రాస్తున్నం.
ఏ కంపెనీ పెట్టయినా ఒక్క తీరుగ పలకాలె.
పదకొండో ముసాయిదా. తెర మీద తొమ్మిది ముఖాలు,
ఒక్కొక్కరి కిటికీల ఒక్కో పొద్దు.
'చేయవలెను' అనాల్నా, 'చేయవచ్చు' అనాల్నా
అని నిన్నంత పంచాయితీ.
ఒక్కసారి పలకకపోతే పోయినట్టా?
దగ్గు వచ్చి ఉండొచ్చు గదా, అన్నది నుస్రత్.
పదిసార్లా? అప్పటికి ఒళ్ళు చల్లబడతది.
మూడు, అన్న నేను.
ఎందుకు మూడని ఎవరూ అడగలే,
అడిగితే మా నాయిన పేరు చెప్పేదాన్ని.

ఓదెలు. మందమర్రి బొగ్గుబాయి.
కర్రతో పైబండను కొట్టి చెవి పెట్టేటోడు.
గట్టి సప్పుడైతే పని, డొల్ల సప్పుడైతే పరుగు.
గోడ అవతల జోడీ రాజలింగు.
పైపు మీద మూడు దెబ్బలు పోతే మూడు రావాలె.
రాజలింగుకు ఒక చెవి మందం,
అందుకని నాయిన నిదానంగ కొట్టేటోడు.
ముసాయిదాల ఏడో పేరా అదే:
నేనెంత వడిగ పంపగలను, నువ్వెంత వడిగ వినగలవు,
ఇద్దరిల నిదానస్తుని మాటే చెల్లుతది.

కానీ ఒక మాట తక్కువున్నది.
సమ్మె మొదలైన పొద్దు సైరన్ కూయలే.
మా లైన్ల ఎవరికీ ఎరుక లేదు.
అమ్మ పిండి చేతులతోనే బాయి కాడికి ఉరికింది,
ఎనుక నేను, చెప్పులు లేకుండ.
గేటు ముంగట నాయిన బీడీ తాగుతున్నడు.
అమ్మ కొట్టింది ఆయన్ని. అందరు చూస్తుండంగ.
ఐదు వేళ్ళ పిండి అంగీ మీద.
"బంద్ పెడితే బంద్ పెట్టినమని చెప్పరాదా?"

అందుకే ఇయ్యాల చెయ్యెత్తిన.
తెగిపోవుడు వేరు, ఆపుకొనుడు వేరు,
రెండు మౌనాలకు ఒక్కటే గుర్తు పెడితే ఎట్ల?
'నేనే బంద్ పెట్టిన, ఉరకకు'
అని ఒక్క ముక్క చెప్పి ఆగాలె.
జాగ ఉన్నది, రెండు బిట్లు చాలు.

ముఖాలు కదలలే.
లింకు పోయిందనుకున్న.
గోడ దిక్కు చూస్తే అన్నీ పచ్చగనే ఉన్నయి.
ఆలోచిస్తున్నరు, గంతే.

తెల్లారి వచ్చిన నకల్ల 'ఉరకకు' లేదు.
అది ప్రమాణాల భాష కాదట.
'నిర్వాహకుడే నిలిపివేసిన స్థితి' అని రాసిన్రు.
సరే అని, దాని కింద ఇంకో వాక్యం పెట్టిన,
ఎవరూ కొట్టెయ్యలే:
నిలిపినంక కూడ కొంతసేపు ఆ సంగతి చెప్తనే ఉండవలెను.
ఒక్కసారే అంటే వినబడకపోవచ్చు.

అది రాజలింగు మందం చెవికి.