పలక పెట్టని ఏడు

ఈ ఏడు పలక పెట్టలేదు.

గుత్తి డీజిల్ షెడ్డులో రాత్రి డ్యూటీ దిగి
గోళ్ల సందుల్లో గ్రీసుతోనే
జనవరి మొదటి ఆదివారం డేగబండ కిందికి పోతే
రెండు ఇనుప గుంజలు నిలబడి ఉన్నాయి,
నడుమ అంతా ఎండ.

ఆ పలక నాకు కంఠతా వచ్చు.
భైరి డేగలు పొదిగే కాలం.
మే నెలాఖరు దాకా బండ ఎక్కరాదు.
ఏ వానకో చివరి అక్షరం రాలిపోయి
"బండ ఎక్కరా" అని పిలిచేది నన్ను.
వాచర్ హాజీవలి నా సంచిలోని సుద్దపొడినే అడిగి
తడివేలితో అద్ది "దు" దిద్దేవాడు.
"పిలిస్తే పోతావా అబ్బీ, అది నీ ఇల్లా?"

నా ఇల్లు కాదు. కానీ
మా నాయన రాయి కొట్టి మమ్మల్ని సాకినాడు.
రాయికి నరం ఉంటాది,
నరం తెలీకుండా సుత్తి ఎత్తొద్దు అనేవాడు.
నేను సుత్తి ఎత్తలేదు. తాడు కట్టుకున్నాను.
"ఆయన రాయి పగలగొట్టి బువ్వ తెచ్చె,
నువ్వు రాయికి ఏలాడి ఏం తెస్తావురా?"
అమ్మకు చూపించడానికి ఏముంది,
చర్మం లేచిన నాలుగు వేళ్లు తప్ప.

ఆరేళ్లు ఆ ఒక్క దారి మీదే.
ముప్పై అడుగుల దాకా చీలిక, మోచేయి దూరుతుంది.
ఆపైన నున్నటి పొట్ట.
పొట్ట దాటితే ఎడమచేతికి గోరంత అంచు,
అక్కణ్నుంచి జానెడు పైన వాళ్ల అరుగు.
ఏటా పట్టు కుదిరే వేళకు పలక వచ్చేది.
ఐదు నెలలు కింద కూచుని
తల్లి డేగ చిలకను తెచ్చి ఈకలు పీకడం చూసేవాణ్ని.
పచ్చటి ఈకలు నా తలమీదికి నింపాదిగా దిగేవి.
మూడో ఏడు పిల్ల ఒకటి అంచుకొచ్చి
రెక్కలు విదిల్చి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి,
పదకొండుసార్లు.
పొట్ట దగ్గర నేనూ అంతే.
అయినా నిజం చెప్పాలంటే, తిట్టుకునేవాణ్ని.

ఇప్పుడు ఎక్కాను.
ఎవరూ అడ్డం చెప్పలేదు.
చీలిక, పొట్ట, గోరంత అంచు.
ఇంతేనా అనిపించేంత తేలిగ్గా అయిపోయింది.

అరుగు మీద
పావురం రొమ్ము ఎముక ఒకటి,
వెలిసిన ఈకలు, సాలెగూడు.
దూరంగా గూడ్సు బండి ఒకటి గుత్తి వదిలి పోతోంది, చప్పుడు లేకుండా.
బండ మీద రెండు తెలుపులు.
డేగలవి సున్నపు చారలు, వానకు సగం పోయాయి.
జానెడు కింద నావి, సుద్దచేతి అచ్చులు,
వాన తగలని పొట్ట చాటున
నిన్న పెట్టినట్టే ఉన్నాయి.

గాలిమరలన్నారు ఊళ్లో. క్వారీ పేలుళ్లన్నారు.
పావురాలకు ఎవరో మందు పెట్టారన్నారు.
హాజీవలి ఏమీ అనలేదు.

ముందటేటి డిసెంబరు ముప్పై.
గడువు ఇంకా రెండు రోజులుంది కదా అని
ఆ గోరంత అంచుకే వేలాడుతున్నాను.
ఆమె కెకెకెమని అరుస్తూ
మూడుసార్లు నా తలమీదికి దూకింది.
రెక్కగాలి చెవికి తగిలింది.
నేను తప్పేమీ చేయలేదు. పలక ఇంకా పెట్టలేదు.
పలక మీది తేదీ చదివాను,
ఆమె ఒంట్లో ఏ తేదీ ఉందో చదవలేదు.
నిరుడు పలక పెట్టారు.
ఆమె గుడ్డు పెట్టలేదు.

రాయికి నరం ఉంటాది అన్నాడు నాయన.

దిగేటప్పుడు తడిగుడ్డతో
నా అచ్చులు తుడుచుకుంటూ వచ్చాను.
ఆమె చారలు ముట్టలేదు.
కింద హాజీవలి మేకలపాకకు తలుపుగా
ఆ పలకే ఉంది: ఎక్కరా.
"పక్షే లేదు, ఇంక దిద్ది ఏం లాభం అబ్బీ."
సంచిలో చెయ్యి పెట్టాను, అడుగున కాస్త సుద్ద.
వేలు తడిచేసుకుని "దు" దిద్దాను.
ఆరకముందే మేక ఒకటి వచ్చి నాకేసింది,
ఉప్పనుకుందేమో.

మళ్లీ దిద్దాను.