ఒక్క పేజీ మించకూడదు

కాదనలేదు. ఔననీ అనలేదు.
గుమ్మం దాకా పిలిచి, బూట్లు విప్పించి,
కాస్త అక్కడే ఉండమన్నట్టుంది ఉత్తరం.
వెయిట్ లిస్టట. అందులో ఎన్నోదాన్నో చెప్పరట.
కొత్తగా చెప్పుకోదగ్గది ఏమైనా ఉంటే
ఏప్రిల్ నెలాఖరులోగా రాసి పంపవచ్చునట,
ఒక్క పేజీ మించకూడదట.

ఫోర్ట్ కెంట్‌లో మార్చి అంటే నడి చలికాలమే.
గడ్డకట్టిన నది మధ్యలో
ఎర్ర బకెట్ ఒకటి బోర్లించి వచ్చారు ఫైర్ స్టేషన్ వాళ్లు.
మంచు విరిగి అది ఏ రోజు, ఏ గంటకు మునుగుతుందో
మనిషికి రెండు డాలర్లు, ఊరంతా పందెం.
నాన్న ఏప్రిల్ పంతొమ్మిది అన్నాడు.
నేనీసారి కాయలేదు.
ఏడాదికి ఒక ఎదురుచూపు చాలు.

పగలు ఆర్గానిక్ కెమిస్ట్రీ, రెండోసారి.
రాత్రి పదకొండు నుంచి ఏడు దాకా
ముసలివాళ్ల హోమ్‌లో డ్యూటీ.
నా ముందున్న వాళ్లెవరో నాకు తెలియదు.
వాళ్లందరికీ ఇంతకన్నా గొప్ప కాలేజీలో
సీట్లు రావాలని రోజూ మొక్కుకుంటున్నాను.
పరుల మేలు ఇంత గట్టిగా
పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కోరలేదు.

కాగితం మీద మొదట గంటలు వేశాను:
నాలుగు వందల పన్నెండు.
లెక్క తప్పు కాదు,
చదివితే కిరాణా చీటీలా ఉంది.
కొట్టేసి, ఒనెజిమ్ సిర్ గారి గురించి మొదలుపెట్టాను.

తొంభై ఒక్కేళ్లు. అరవై ఏళ్లు బంగాళాదుంపలు పండించాడు.
మాటలు పోయాయి, చేతులు మిగిలాయి.
ఫిబ్రవరిలో ఒక రాత్రి
దుప్పటిని అదే పనిగా గిల్లుతున్నాడు, పీకుతున్నాడు, మూలుగుతున్నాడు.
నాకు ఠక్కున తట్టింది: దుంపలు ఏరుతున్నాడు!
లాండ్రీ బుట్ట తెచ్చి పక్కన పెట్టాను,
చుట్టిన మేజోళ్లు మంచం నిండా పోశాను.
రెండు ఏరాడు. మళ్లీ మూలిగాడు.
"అశాంతి. సముదాయించాను" అని చార్టులో రాసి
నా తెలివికి నేనే మురిసిపోయాను.
ఈ ఉత్తరానికి ఇంతకంటే ఏం కావాలి?

తెల్లవారి వచ్చిన నర్సు జెర్మెన్
బుట్టను కాలితో పక్కకు జరిపింది.
దుప్పటి తీసి, బొడ్డు కింద చెయ్యి ఆనించింది.
"రాయిలా ఉంది. ఎప్పటినుంచి పోయలేదు?"
గొట్టం వేస్తే లీటరు పైనే వచ్చింది.
ఆయన చేతులు ఆగిపోయాయి.
ఆయన ఏ పొలంలోనూ లేడు.
ఆరు గంటలు నొప్పితో మంచం మీదే ఉన్నాడు,
నేను ఆయన చుట్టూ కథ అల్లుకుంటూ కూర్చున్నాను.

నవంబర్ ఇంటర్వ్యూలో అడిగారు:
ఎప్పుడైనా పొరబడ్డారా?
అతిగా కష్టపడటమే నా లోపమన్నాను.
ముగ్గురూ మర్యాదగా నవ్వారు.

ఇప్పుడు రాశాను.
ఆయన పేరు తీసేసి, "ఒక పెద్దాయన" అన్నాను.
బుట్ట ఉంచాను. మేజోళ్లు ఉంచాను.
ఈ వాక్యం నిన్ను ముంచుతుందే, ఒడీల్, అంది అమ్మ.
ముంచవచ్చు.
కెమిస్ట్రీలో ఈసారి ఎ వచ్చేలా ఉందని ఒక లైను కలిపాను,
అదీ నిజమే కదా.
పేజీ రెండు లైన్లు మించింది.
గంటల లెక్క మొత్తం తీసేస్తే సరిపోయింది.

పంపి నేటికి పదకొండు రోజులు.
ఫోను తలగడ కింద పెట్టుకొని పగలంతా పడుకుంటాను,
అది మోగకపోవడానికే నాలుగుసార్లు మెలకువ వస్తుంది.
డ్యూటీకి వెళ్లగానే
చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని
ముందు ఆయన పొట్ట చూస్తాను,
తర్వాతే మొహం.

ఇవాళ సాయంత్రం వంతెన మీంచి నాన్న ఫోను.
గుండె నోట్లోకి వచ్చింది.
"బకెట్టు ఒరిగిందే," అన్నాడు,
"పడలేదు."