మూలం లేదు

నైవలు మేడమ్ మాకిచ్చిన పని ఇది:
అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం ఎంచుకుని
దాని మంచిచెడ్డలు తూచి
రెండు పేజీలు రాసుకురండి.
చీటీ తీస్తే నాకు పడింది
"వాతావరణ మార్పుకు అనుకూలనం".

సువా లైబ్రరీ, మూడో అంతస్తు. బయట వాన.
మొదటి వాక్యం చదివాను.
ఇస్త్రీ చొక్కాలా ఉంది, వెతికినా ముడత లేదు.
నెదర్లాండ్స్‌కి పద్నాలుగు పేరాలు,
మా పసిఫిక్‌కి రెండున్నర,
అందులో ఆ అర మాల్దీవులది,
పాపం, దారి తప్పి ఇటొచ్చింది.

సమతూకం ఉందా? అని అడిగింది ప్రశ్నల కాగితం.
ఉంది అని రాసి
కొట్టేసి
తర్వాత చూద్దాంలే అని పక్కన చుక్క పెట్టాను.
ఆధారాలకు లోటు లేదు, నిజం చెప్పాలి,
నూటా ఎనభై ఆరు.
కొన్ని తెరిచి చూశాను, అన్నీ బతికే ఉన్నాయి.

కిందికి జరుపుతూ జరుపుతూ
వేలు ఆగిపోయింది.
ఫోటో.
బూడిదరంగు గోడ, దాని మీద ఒక పిల్ల,
ఎడమ కాలికి చెప్పు లేదు.
"వనువా లేవు దీవిలో సముద్రానికి అడ్డుగోడ:
స్థానిక అనుకూలనానికి విజయవంతమైన ఉదాహరణ."

ఆ పిల్లని నేనే.
చెప్పు అప్పుడే రాళ్ల సందులోకి జారిపోయింది,
సెమేసా మామయ్య బోర్లా పడుకుని
చెయ్యి భుజం దాకా దూర్చి వెతుకుతున్నాడు,
ఫోటో తీసినాయన
కొంచెం పక్కకి జరగమన్నాడు ఆయన్ని.
ఆ రాళ్లు మోసిన మనిషిని.

గోడ కూలిందని చెప్పను. కూలలేదు.
మరుసటేడు మార్చిలో పెద్ద పోటు
దాని కొసనుంచి చుట్టి తిరిగొచ్చింది,
ఇవతలికి చేరింది,
వెళ్లడానికి దారి లేక
మా చేమదుంపల మడుల్లో
ఆరు వారాలు చుట్టంలా కూర్చుంది.
మడులు ఉప్పుతేలాయి.
అప్పుడు మేమే గునపాలు పట్టుకెళ్లాం.
మొదటి దెబ్బ సెమేసా మామయ్యదే.
రెండో దెబ్బ వెయ్యకుండా
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఫోటో కింద ఒక్క వాక్యం చేర్చాను:
తర్వాత ఊరివాళ్లే దీన్ని పగలగొట్టారు.
తొమ్మిది నిమిషాలు ఉంది.
ఎవరో తీసేశారు, మర్యాదగానే.
కారణం: మూలం లేదు.

కోపం రాలేదు. వచ్చింది, పోయింది.
నోటికొచ్చింది ప్రతివాళ్లూ రాసిపోతే
అది సర్వస్వం కాదు, సంత.
వాళ్ల స్థానంలో నేనున్నా తీసేసేదాన్నే,
కాకపోతే ఒక రోజు ఆగేదాన్నేమో,
ఎవరిని అడగాలో అడిగి.

రాత్రి బూబూ ఫోను చేసింది.
ఏం చదువుతున్నావే?
అనుకూలనం, బూబూ.
అంటే?
అంటే... సర్దుకుపోవడం.
సర్దుకుని పోవడమా? అంది, చెవి సరిగ్గా వినపడదు.
అది చేశాం కదే ఎప్పుడో.
గిన్నెలు సర్దాను, చాపలు సర్దాను,
కోళ్లని బుట్టకెత్తి కొండెక్కించాను,
మీ తాత సమాధి సర్దడానికే
సంచీ దొరకలేదు.
ఇప్పుడు పోటెక్కితే ఆయన తడుస్తాడు,
ఆటెక్కితే ఆరతాడు.
ఏమన్నాడూ? ఏమీ అనలేదు.
బతికున్నప్పుడూ అంతేగా.
నవ్వింది. నేనూ నవ్వాను.
లైను పోయింది.

మేడమ్,
వ్యాసం తటస్థంగానే ఉంది.
భాష శుభ్రంగా ఉంది.
పక్కన చుక్క పెట్టిన ప్రశ్నకి
ఇంకా జవాబు రాయలేదు.
ఒక్క సంగతి మాత్రం కలపాలి,
ఏ శీర్షిక కిందికి వస్తుందో మీరే చెప్పండి:

గోడ పగలగొట్టిన రోజు
రాళ్ల మధ్య నా చెప్పు దొరికింది.
మామయ్య సముద్రంలోనే కడిగి
నా ముందు పెట్టాడు.
కాలు పెట్టాను.
పట్టలేదు.

దీనికీ మూలం లేదు.